కోడి కంటే ముందు దడి

(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం సభ్యులు చేసిన ప్రసంగం)



మమ్మల్ని మాట్లాడమన్నప్పుడు మేం ముందు ఒప్పుకోలేదు. ఈ వేదికెక్కిన ప్రతి సంఘం బాగా నడిచిన సంగతులు చెబుతుంది. మాకేమో పోయిన ఏడాది మూడు వారాలు సమావేశమే సరిగా జరగలేదు. కారణం చెబితే నవ్వుతారు. కోళ్లు! మా కోళ్లు గోడ దూకినందుకు పదేళ్ల సంఘం విడిపోయే దాకా వచ్చింది. ఆ సంగతీ, అందులో మేం చేసిన తప్పూ, దాన్నుంచి నేర్చుకున్న పనీ దాచకుండా చెబుదామని వచ్చాం. మీ ఇళ్లలోనూ కోళ్లున్నాయి, మీ పక్కింట్లోనూ మడులున్నాయి కాబట్టి వినండి.

మా సంఘంలో పన్నెండు మందిమి. సూక్ష్మ రుణ ప్రణాళిక రాసుకున్నప్పుడు ఆరుగురం కోళ్లు పెంచుతామన్నాం. తలా పది పదిహేను పిల్లల్ని తెచ్చుకున్నాం. కొందరు నాటుకోళ్లు, కొందరు రాజశ్రీ, ఇద్దరు వనరాజా. పిల్లలకి ఇంత, దాణాకి ఇంత, గూటికి ఇంత అని లెక్క రాశాం. దడికి ఎంత అని మాలో ఒక్కరూ అడగలేదు. పెరటి కోడికి దడేమిటి, పొద్దున వదిలితే సాయంత్రం అదే వస్తుంది కదా అనుకున్నాం. మన అమ్మలు అట్లాగే పెంచారు. నిజమే, కానీ మన అమ్మల కాలంలో ఇళ్ల మధ్య ఖాళీ చోటుండేది, దిబ్బ ఉండేది, వాము ఉండేది. ఇప్పుడు గోడకి గోడ ఆనుకుని ఉంది. కోడి కాలు బయట పెట్టిందంటే అది ఇంకొకరి ఇల్లే.

పిల్లలు నాలుగు నెలలకి బాగా ఎదిగాయి. ఎదిగాక ఎగరడం మొదలుపెట్టాయి. మాలో ఒక అక్క ఇంటి పక్కనే మా సంఘంలోదే ఇంకో అక్క ఉంటుంది. ఆవిడ కోళ్లు పెంచదు. పెరట్లో తోటకూర, పాలకూర, గోంగూర వేసి ఊళ్లో అమ్ముకుంటుంది. ఆ ఏడు వంగనారు, టమాటా నారు కూడా పోసింది. విత్తనాలకి పెట్టిన డబ్బు మన సంఘం అప్పే. అంటే ఇటు కోడీ సంఘం డబ్బే, అటు మడీ సంఘం డబ్బే.

విత్తనం చల్లి, పైన కప్పిన గడ్డి ఇంకా తీయకముందే కోళ్లు దూకి ఆ మడిని గీరేశాయి. కోడికి తడి మట్టీ, మెత్తటి ఎరువూ కనపడితే ఇంకేం కావాలి? మొదటిసారి ఆవిడ అదిలించి పంపేసింది. రెండోసారి వచ్చి చెప్పింది. మూడోసారి చేతిలో ఉన్న కట్టె విసిరింది. ఒక పెట్టకి కాలు విరిగింది.

బోరింగు దగ్గర ఇద్దరికీ మాటామాటా పెరిగింది. "నా మడికి నష్టం ఎవరిస్తారు?" అని ఒకరు. "గుడ్లు పెట్టే పెట్ట కాలు విరగ్గొట్టావు, దానికెవరిస్తారు?" అని ఇంకొకరు. "నువ్వు దడి కట్టుకో" అంటే "మడి నీది, నువ్వే కట్టుకో". అంతవరకూ ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవాళ్లు. ఆ రోజు నుంచి వదిన అన్న మాట పోయింది. కొన్నాళ్లకి మాటే పోయింది.

ఆ వారం సమావేశానికి ఇద్దరూ రాలేదు. తర్వాతి వారం ఈవిడ తోడికోడలూ, ఆవిడ చెల్లెలూ కూడా రాలేదు. మూడో వారం అయిదుగురమే వచ్చి, చాప పరుచుకుని, చాప చుట్టుకుని వెళ్లిపోయాం. పంచసూత్రాల్లో మొదటిది క్రమం తప్పని సమావేశం అని మనం ప్రతిసారీ చదువుతాం. ఆ ఒక్కటి తప్పితే మిగతా నాలుగూ ఎట్లా జారిపోతాయో అప్పుడు చూశాం. పొదుపు రాలేదు, అప్పు వసూలు కాలేదు, పుస్తకం రాయలేదు, బ్యాంకు వాయిదా మొట్టమొదటిసారి ఆలస్యమైంది. పన్నెండు మంది పూచీ పడ్డ అప్పుకి ఇద్దరి తగవు వల్ల చెడ్డపేరు వచ్చింది.

ఇక్కడే మేం ఒక తప్పు చేశాం. రాని వాళ్లకి జరిమానా రాశాం. ఎందుకు రాలేదని ఇంటికి వెళ్లి అడగలేదు. ముందు జరిమానా రాసి తర్వాత కబురు పంపాం. ఆ జరిమానాతో వాళ్లు ఇంకా బిగుసుకున్నారు.

రెండో తప్పు దానికంటే పెద్దది. తగవు తెగాలంటే కోళ్లు ఎగరకూడదు, ఎగరకుండా ఉండాలంటే రెక్కలు కత్తిరించాలి అని తీర్మానించాం. అందరి ఇళ్ల కోళ్లకీ ఒకే రోజు, బట్టలు కుట్టే కత్తెర పట్టుకుని, రెండు రెక్కలూ కత్తిరించేశాం. ఏ ఈక కత్తిరించాలో, ఏది కత్తిరించకూడదో తెలియదు. ఒక పెట్టకి కొత్తగా వస్తున్న ఈక తెగి నెత్తురు కారింది. పిల్లల తల్లికోడిని కూడా వదల్లేదు.

వారం రోజులు ఊరు చల్లగా ఉంది. మేం గెలిచామనుకున్నాం. తర్వాత ఒక మధ్యాహ్నం వీధికుక్కలు ఒక అక్క పెరట్లోకి దూరాయి. అక్కడున్నది పాత కంప. కుక్కకి అదొక అడ్డం కాదు. ఇదివరకు కుక్క వస్తే ఆ కోళ్లు రయ్యిన వేపచెట్టు ఎక్కేసేవి. ఆ రోజు ఎగరబోయి కింద పడ్డాయి. నాలుగు పెట్టలు పోయాయి. ఇంకో ఇంట్లో గద్ద వచ్చి పిల్లల్ని తన్నుకుపోతుంటే తల్లికోడి ఎగిరి కొట్టలేకపోయింది. ఆ నాలుగు పెట్టలు పోయిన అక్క మమ్మల్ని ఒక్క మాటా అనలేదు. "తీర్మానం మీద నేనూ వేలిముద్ర వేశాను గదా" అంది. ఆ మాట మాకు తిట్టు కంటే ఎక్కువ తగిలింది.

ఇంకో విచిత్రం. ఇంత చేసినా ఆ మొదటి అక్క ఇంట్లో రెండు పెట్టలు మళ్లీ గోడ దూకాయి! రెక్కలు లేకుండా ఎట్లా దూకాయి? అది చూశాకే మాకు బుద్ధి వచ్చింది. కోడి ఎందుకు వెళుతోంది, ఎటునుంచి వెళుతోంది అని మేం ఒక్కరోజైనా చూడలేదు కదా అనుకున్నాం.

అప్పుడు ఇద్దరిద్దరం వంతులు వేసుకుని తెల్లవారింది మొదలు పొద్దుగూకే దాకా ఆ పెరట్లో కూర్చున్నాం. పాత పొదుపు పుస్తకం వెనక పేజీలో ఏ కోడి, ఏ వేళ, ఏ మూల నుంచి దాటిందో గీతలు గీశాం. మీరూ మీ ఇంట్లో ఒక్కరోజు ఈ పని చేయండి. డబ్బు ఖర్చు లేదు. ఆ ఒక్కరోజులో మాకు నాలుగు సంగతులు తెలిశాయి.

ఒకటి. ఏ కోడీ నేల మీద నుంచి నేరుగా గోడ దాటలేదు. గోడ పక్కన పేర్చిన కట్టెల మోపు ఎక్కింది, లేకపోతే గూటి పైనున్న రేకు ఎక్కింది, లేకపోతే నీళ్ల తొట్టి ఎక్కింది. అక్కణ్నుంచి గోడ మీదికి గెంతింది. అంటే మెట్లు మేమే కట్టి ఇచ్చాం. రెక్కలు తెగిన పెట్టలు కూడా మెట్లెక్కినట్టు ఎక్కి వెళ్లింది అందుకే.

రెండు. గోడ మీద వాలాక ప్రతి కోడీ కాసేపు నిలబడింది, అటూ ఇటూ చూసింది, తర్వాతే అవతలికి దిగింది. కాలు పెట్టడానికి గట్టి అంచు కనపడితేనే కోడి ఎగురుతుందన్నమాట.

మూడు. ఎగిరే వేళలు ఊరికే రాలేదు. పొద్దున గూడు తీసిన కాసేపటికి ఆకలికి వెళ్లాయి. కాస్త పొద్దెక్కాక గుడ్డు పెట్టడానికి చాటు వెతుక్కుంటూ వెళ్లాయి. పొద్దు వాలాక పక్కింటి మునగచెట్టు మీద పడుకోవడానికి వెళ్లాయి. ఒక బక్క పెట్ట మాత్రం రెండు పుంజులు తరుముతుంటే పారిపోయింది.

నాలుగు. ఎగిరేవి ఎక్కువగా నాటు పెట్టలే. వాటి ఒళ్లు తేలిక. వనరాజా లాంటి బరువు కోళ్లు గోడ వంక చూసి ఊరుకున్నాయి. మన ఇంటి కోడి అడవికోడి సంతతే. అడవికోడి రాత్రిళ్లు నేల మీద పడుకోదు, కొమ్మ ఎక్కుతుంది. నాటుకోడికి ఆ బుద్ధి ఇంకా పోలేదు. అది దాని తప్పు కాదు.

అప్పుడు మాకు అర్థమైంది, కోడి దూకిందంటే దానికి లోపల ఏదో తక్కువైందని. అది తీర్చకుండా కత్తెర పట్టుకుంటే మనకే నష్టం. ఆ తర్వాత మేం ఒక్కొక్కటిగా చేసిన పనులు ఇవి.

మొదట మెట్లు తీసేశాం. గోడకి, దడికి ఆరడుగుల లోపు కట్టెలు, తొట్టి, రోలు, బండి, బుట్ట ఏదీ లేకుండా జరిపాం. గూటిని పెరడు మధ్యకి మార్చాం. గోడ మీదికి వంగిన కొమ్మలు కొట్టాం. ఈ ఒక్క పనికే సగం కోళ్లు ఆగిపోయాయి. ఖర్చు ఒక పూట శ్రమ.

తర్వాత దడి. నాటుకోళ్లకి ఆరడుగుల ఎత్తైనా ఉండాలి. బరువు కోళ్లకి నాలుగడుగులు చాలు. మేం వెదురు బొంగులు పాతి, జాలి కట్టాం. జాలి కొనలేని వాళ్లు చెరువులో చేపలు పట్టేవాళ్ల దగ్గర పాత వలలు తెచ్చుకున్నారు. కానీ ఒక ముఖ్యమైన కిటుకు ఉంది. దడి పైన అడ్డంగా కర్ర కట్టకండి. ఆ కర్ర మనకి దడి బలంగా ఉండటానికి, కోడికి మాత్రం అది వాలే చోటు. పై రెండడుగుల వల వదులుగా, లోపలికి కొంచెం వాలినట్టు ఉంచితే కోడి పైకి చూస్తుంది, కాలు పెట్టే చోటు కనపడదు, ఆగిపోతుంది. గోడ ఉన్నవాళ్లు గోడకి సన్నటి వెదురు బద్దలు లోపలికి వంచి కట్టి, వాటికి వల వేలాడదీయండి.

దడి కింది భాగం కూడా చూసుకోవాలి. కింద అడుగున్నర మేర సన్న కన్ను జాలి కట్టకపోతే పిల్లలు దూరి పోతాయి. కుక్క, ముంగిస కింద తవ్వి వస్తాయి. అందుకని జాలిని ఒక అడుగు లోతు మట్టిలో పూడ్చాలి, లేదా దడి పొడుగునా బండరాళ్లు పేర్చాలి. పాత వల వాడేవాళ్లు దాన్ని గట్టిగా లాగి కట్టాలి. కింద వదులుగా ఉంటే కోడి కాళ్లు చిక్కుకుంటాయి.

చోటు తక్కువ ఉన్నవాళ్లకి పైకప్పు వలే మంచిది. ఒక్కో కోడికి తిరగడానికి పది చదరపు అడుగులు లెక్క వేసుకుంటే, పది కోళ్లకి పదడుగుల పొడుగు, పదడుగుల వెడల్పు దడి సరిపోతుంది. దాని మీద వల కప్పేస్తే కోడి బయటికి పోదు, గద్ద, కాకి లోపలికి రావు. పిల్లలున్న ఇంట్లో అయితే ఇది తప్పకుండా ఉండాలి.

మూడోది కడుపు. ఇది మనం మరిచిపోయే సంగతి. తిరిగి తినే కోడి పురుగూ పుట్రా, గింజా గడ్డీ దానంతట అదే ఏరుకుంటుంది, మనం పిడికెడు నూకలు వేస్తే సరిపోతుంది. దాన్ని దడిలో పెట్టామంటే ఆ కడుపు మొత్తం మన బాధ్యతే. పెద్ద కోడికి రోజుకి సుమారు 100 గ్రాముల మేత కావాలి. అన్నీ కొనాలంటే గిట్టదు. నూకలు, తవుడు, జొన్న, చెక్క కలిపి పెడుతున్నాం. అజొల్లా తొట్టి వేసుకున్నాం. పాత కుండలో పేడ, గోనె ముక్క, ఎండుగడ్డి తడిపి పెట్టి బోర్లిస్తే చెదలు పడతాయి. పొద్దున కుండ తిప్పితే కోళ్లకి పండగే, ముఖ్యంగా పిల్లలకి. ఆకుకూరలు నేల మీద పడేయకుండా కట్టగా కట్టి, కోడి మెడ చాస్తే అందేంత ఎత్తున వేలాడదీస్తాం. పొడుచుకుంటూ అక్కడే పొద్దు పుచ్చుతాయి. గూడు తీయగానే మేత వేయండి. ఆకలితో వదిలిన కోడి మొదట వెతికేది గోడనే.

నాలుగోది పడక. గూటిలో రెండు మూడు అడుగుల ఎత్తున గుండ్రటి కర్రలు కట్టాం. ఒక్కో కోడికి ఎనిమిది అంగుళాల చోటు చొప్పున లెక్క చూసుకున్నాం. లోపల కొమ్మ దొరికితే పక్కింటి మునగచెట్టుతో పనేముంది? సాయంత్రం చీకటి పడకముందే గూట్లో నాలుగు గింజలు వేసి, రోజూ ఒకే పిలుపుతో "బో... బో..." అని పిలుస్తాం. రెండు వారాల్లో పిలుపు వినగానే లోపలికి రావడం మొదలుపెట్టాయి. కొత్తగా కొన్న కోడిని మాత్రం తెచ్చిన రోజే వదలకండి. వారం పది రోజులు గూట్లోనే మేత, నీళ్లు పెట్టి ఉంచితే ఇదే నా ఇల్లు అని దానికి తెలుస్తుంది.

అయిదోది గుడ్డు పెట్టే చోటు. నాలుగైదు పెట్టలకి ఒక బుట్ట, చీకటిగా ఉన్న మూల, లోపల ఎండుగడ్డి. ఇంతకు ముందు పక్కింటి వాములో పది గుడ్లు దొరికితే అవి ఎవరివి అని అదో తగవు. ఇప్పుడు ఆ మాటే లేదు. దీంతో పాటు ఒక మూల మట్టీ, పొయ్యి బూడిదా కలిపి గుంట పెట్టాం. కోడి అందులో పొర్లితే పేలు పోతాయి, దానికి హాయిగా ఉంటుంది. పక్కింటి మెత్తటి మడి కోసం వెతుక్కోదు.

ఆరోది పుంజుల లెక్క. పది పెట్టలకి ఒక పుంజు చాలు. మిగతావి పెంచి అమ్మేయండి. పుంజులు ఎక్కువైతే పెట్టల వీపు ఈకలు ఊడతాయి, బక్కవి గోడ దూకి పారిపోతాయి.

ఇవన్నీ అయ్యాక ఇంకా ఒకటి రెండు మొండి పెట్టలు ఎగిరితే, అప్పుడు కత్తెర. కత్తెర వద్దని మేం అనడం లేదు. దానికి వేళ ఉంది, పద్ధతి ఉంది.

ఒక్క రెక్కే కత్తిరించాలి. రెండూ కత్తిరిస్తే కొన్ని కోళ్లు ఇంకా సమంగా తపతపా కొట్టుకుని గోడ ఎక్కేస్తాయి. ఒక్కటే కత్తిరిస్తే ఒక పక్కకి ఒరిగిపోయి ఎగరలేవు. ఇద్దరు ఉండాలి. ఒకరు కోడిని చంకలో మెత్తగా అదిమి పట్టుకుని రెక్క విసనకర్రలా చాచాలి. చివరన పొడుగ్గా పది పెద్ద ఈకలు వరసగా కనపడతాయి. వాటినే కత్తిరించాలి. వాటి మొదట్లో కప్పి ఉన్న చిన్న ఈకల అంచు దాకానే, అంతకంటే లోపలికి పోకూడదు. ఒంటికి దగ్గరగా ఉన్న ఈకల జోలికి వెళ్లకూడదు.

కత్తిరించే ముందు ప్రతి ఈక కాడనీ వెలుతురుకి ఎదురుగా పట్టి చూడాలి. కాడ తెల్లగా, బోలుగా ఉంటే అది ముదిరిన ఈక. మన గోరు కత్తిరించినట్టే, నొప్పి ఉండదు. కాడ నల్లగా, నీలంగా, కండ రంగుగా ఉంటే అందులో నెత్తురుంది, ఈక ఇంకా పెరుగుతోంది. దాన్ని ముట్టుకోకూడదు. పొరపాటున తెగితే పసుపు అద్ది, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. నెత్తురు ఆగకపోతే పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఎదిగే పిల్లలకి కత్తిరించొద్దు. వాటి ఈకలు మారుతూనే ఉంటాయి. పొదిగే పెట్టకి, పిల్లల తల్లికి అసలే వద్దు. ఆ రెక్కలు గద్దని కొట్టడానికీ, పిల్లల్ని కప్పుకోవడానికీ. కుక్క దూరే పెరట్లో ఏ కోడికీ కత్తిరించొద్దు. దడి గట్టిపడే దాకా దాని ప్రాణానికి ఆ రెక్కే కాపలా. ఇంకొకటి, కత్తిరించిన ఈక అట్లాగే ఉండిపోదు. ఏడాదికోసారి కోడి ఈకలు రాల్చి కొత్తవి వేసుకుంటుంది. అప్పుడు మళ్లీ చూసుకోవాలి.

దడి వల్ల వచ్చిన ఇంకో లాభం చెప్పాలి. వీధుల వెంట తిరిగే కోళ్లు ఒక ఇంటి కొక్కెర తెగులుని ఇంకో ఇంటికి మోస్తాయి. టీకా వేయించడం మానకూడదు. లాసోటా చుక్కలు మొదటి వారంలో, ఆర్‌టూబీ సూది ఎనిమిదో వారంలో. కోళ్లు ఇంటి దగ్గరే దొరుకుతుంటే టీకాకి పట్టుకోవడమూ తేలిక. ఇదివరకు టీకా రోజున ఊరంతా కోళ్ల వెంట పరిగెత్తేవాళ్లం!

ఇక ఆ ఇద్దరి సంగతి. మీరందరూ దాని కోసమే చూస్తున్నారని తెలుసు.

కోళ్ల సంగతి తెలిశాక మా సంఘం సంగతి కూడా తెలిసింది. రాని సభ్యురాలిని కూడా ముందు అడగాలి కదా, ఏం తక్కువైందో? అయిదుగురం కలిసి ఇద్దరి ఇళ్లకీ వెళ్లాం. జరిమానా ముందు మేం పెట్టిన తప్పు అని ఒప్పుకున్నాం. మడి అక్క అప్పుడు అంది, "కోడి వచ్చినందుకు కాదు నాకు కోపం. మూడుసార్లు చెప్పినా సంఘంలో ఒక్కరూ నా మడి చూడ్డానికి రాలేదు. కోళ్ల వాళ్లు ఆరుగురు, మడి దాన్ని నేనొక్కదాన్ని." మాకు నోట మాట రాలేదు. కోళ్ల అక్క అంది, "దడి కట్టాలంటే డబ్బు లేదు. అప్పులో అది రాయలేదు. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గేసి ఎదురు తిరిగాను."

అందరం కూర్చుని తీర్మానం రాశాం. దడి పెంచేవాళ్లే కట్టాలి, ఎందుకంటే కాళ్లున్నది కోడికి, మడికి కాదు. దడి ఖర్చుకి సంఘం అంతర్గత అప్పు ఇస్తుంది. నారుమడి నష్టంలో సగం కోళ్ల అక్క వాయిదాల్లో ఇచ్చింది, మిగతా సగం వసూలైన జరిమానాల డబ్బులోంచి సంఘం ఇచ్చింది. కుక్కల పాలైన నాలుగు పెట్టల బదులు మిగతా కోళ్ల వాళ్లం తలా ఒక పిల్లని ఇచ్చాం. తీర్మానం అందరిదైనప్పుడు నష్టం ఒక్కరిది కాకూడదు.

ఇప్పుడు మడి అక్క అమ్మగా మిగిలిన ముదురాకు దడి మీదుగా ఇస్తుంది. కోళ్ల అక్క కోళ్ల పెంట గుంటలో వేసి, కొన్ని నెలలు బాగా మాగనిచ్చి మడికి ఇస్తుంది. పచ్చి పెంట వేస్తే నారు మాడిపోతుంది, అదీ ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ మళ్లీ వదినా అనుకుంటున్నారా అంటే, ఇంకా లేదు. అబద్ధం చెప్పం. కానీ సమావేశంలో ఒకే చాప మీద కూర్చుంటున్నారు. వాయిదా తప్పలేదు. కాలు విరిగిన పెట్ట కుంటుతూనే తిరుగుతోంది, గుడ్లు పెడుతోంది. అప్పుడప్పుడు ఒక పెట్ట ఇప్పటికీ ఎలాగో దాటిపోతుంది. అప్పుడు మడి అక్కే దాన్ని పట్టుకొచ్చి దడి తలుపు తీసి లోపల వదిలిపెడుతుంది, ఏమీ అనకుండా. మాకు అదే చాలు.

"నా కోడీ, నా కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదు" అనుకున్న ముసలమ్మ సామెత మనందరికీ తెలుసు. మేమూ ఒకప్పుడు అట్లాగే అనుకున్నాం, నా కోడి, నా ఇష్టం అని. ఆ కోడి పక్కింట్లో గీరిన రోజు నుంచి అది నా ఒక్కదాని సంగతి కాదు.

చివరగా సమాఖ్యకి మాదొక విన్నపం. వచ్చే ఏడాది సూక్ష్మ రుణ ప్రణాళికలు రాసేటప్పుడు కోళ్లు అని ఎవరు రాసినా, పిల్లలకి ఎంత, దాణాకి ఎంత అని అడిగే ముందు దడికి ఎంత అని అడగండి. ఆ గడి ఖాళీగా ఉంటే అప్పు ఆపండి, దడి రాశాకే ఇవ్వండి. మాకు ఆ ఒక్క ప్రశ్న ఎవరైనా అడిగి ఉంటే నాలుగు పెట్టలు మిగిలేవి, ఒక నారుమడి మిగిలేది, వదిన అన్న మాట మిగిలేది.

మా దడులు చూడాలనుకునే సంఘాలు ఎప్పుడైనా మా ఊరు రండి. సాయంత్రం గూడు మూసే వేళకి వస్తే ఇంకా బాగుంటుంది, కోళ్లు పిలుపుకి ఎట్లా వస్తాయో చూపిస్తాం.